చచ్చిన రాజుకు బెల్లం ముక్క

మస్కట్ శివారు అల్ హైల్ నుంచి బయల్దేరిన లాండ్రీ వ్యానులో ముందు సీటు మీద శాంతవ్వ కూర్చుంది. శాంతవ్వ ఒళ్ళో రాజుగారి కిరీటం కూర్చుంది. సీటు బెల్టు ఇద్దరికీ కలిపే పెట్టింది.

"బెల్టు నీకా అత్తా, కిరీటానికా?" అన్నాడు వ్యాను నడుపుతున్న గంగాప్రసాద్.

"నువ్వు తొవ్వ సూసి నడుపు. నాకేమన్నయితే ఇంకో ఇస్త్రీ మనిషి దొరుకుతది. దీనికేమన్నయితే రాజు బోడినెత్తితోటి నిలబడాలె."

"లోపట మొత్తం అట్టనే గదనే. మీద బంగారు రంగు కొట్టిండ్రు."

"అట్టదైతేంది? నెత్తికెక్కినంక అది కిరీటమే. మా ఇంట్ల ఉన్నది గూడ అట్టదే."

ఆ ఇంట్లో ఉన్న కిరీటం గంగాప్రసాద్‌కి బాగా తెలుసు. ఇద్దరివీ జగిత్యాల దగ్గర పక్కపక్క పల్లెలు. శాంతవ్వ పెనిమిటి దేవయ్య బాగోతం మేళంలో రాజు వేషం కట్టేవాడు. చిన్నప్పుడు గోనెపట్టా మీద ముందు వరుసలో కూర్చొని ఆ రాజును చూసి బెదిరినవాళ్ళలో గంగాప్రసాద్ ఒకడు.

"ప్రసాదూ," అంది శాంతవ్వ లాండ్రీలో శుభ్రం చేయించిన కిరీటం లోపలి మఖమలు అంచును వేలితో సర్దుతూ. "ఆయన సచ్చే వేషం గట్టినప్పుడు ఎట్ల సచ్చేటోడురా?"

"మళ్ళ అదే అడుగుతవు. నువ్వు ఆన్నే ఉంటివి గదా."

"నేను తెర ఎనుక ఉంటి. నువ్వు తెర ముంగట ఉంటివి."

గంగాప్రసాద్ సిగ్నల్ దగ్గర ఆగి కొంచెం ఆలోచించాడు. "కత్తి దిగంగనే ముందు నవ్వేటోడు. ఆ నవ్వుకే మాకు లాగులు తడిసేటియి. ఎనుకకు రెండడుగులేసి, మోకాళ్ళ మీద కూలవడి, మెడ పక్కకు తిప్పేటోడు, పక్క తెర దిక్కు. అట్లనే సూసుకుంట సూసుకుంట పానం ఇడిసేటోడు."

"పక్క తెర దిక్కెందుకురా? జనం దిక్కు సూడాలె గదా."

"నాకేమెర్క? ఆయన ఆట ఆయనది."

శాంతవ్వకు యాభై ఎనిమిదేళ్ళు. అందులో ముప్పై ఏళ్ళు ఆమె దేవయ్యకు వేషం కట్టింది. భుజకీర్తులు బిగించింది, మొహానికి రంగు పూసింది, కిరీటం దారం చెవుల వెనకనుంచి తెచ్చి గడ్డం కింద ముడి వేసింది. కానీ ఒక్కసారంటే ఒక్కసారి కూడా ముందునుంచి ఆయన ఆట చూడలేదు. ఆమెకు తెలిసిన రాజు వెనకవైపు మాత్రమే: చెమటకు తడిసిన వీపు, ముడి వదులైన నడికట్టు. ఆట అయ్యాక ప్రతిసారీ ఆయన "ఎట్లున్నది?" అని అడిగేవాడు. ఆమె "మంచిగనే ఉన్నది" అనేది. చూడనిదాన్ని మంచిగుందని చెప్పిన ఆ అబద్ధం ఇప్పటికీ పంటి కింద రాయిలాగే ఉంది.

దేవయ్య పోయాక మరుసటి ఏడు ఆమె ఒమాన్ వచ్చింది. నాలుగేళ్ళు ఒక ఇంట్లో వంట చేసి, తర్వాత అల్ హైల్ లాండ్రీలో ఇస్త్రీ పనికి కుదిరింది. పోయిన వారం స్పెయిన్ దేశం నుంచి నూట యాభై మంది పాటగాళ్ళూ వాయిద్యగాళ్ళూ మస్కట్‌లోని పెద్ద పాటల హాలుకి దిగారు. వాళ్ళు ఆడేదాన్ని ఒపేరా అంటారట. మాట్లాడేది ఉండదు, కోపమొచ్చినా పాటే, మంచినీళ్ళడిగినా పాటే. ఈ కాలంలో రాసిన ఆటే గానీ కథ ఎనిమిది వందల ఏళ్ళ కిందటి రాజుదట. వాళ్ళ బట్టలు మూడు వందల జతలు. లాండ్రీ సూపర్వైజర్ తహ్సీన్ ఆ బట్టల పనికి ఆరుగురిని పంపాడు. ఆ ఆరుగురిలో శాంతవ్వ రాజుగారి దగ్గరికి ఎలా చేరిందంటే, అంతా కిరీటం వల్లనే.

మొదటిరోజు పెట్టెలు విప్పుతుంటే కిరీటం బయటపడింది. తక్కినవాళ్ళు దాన్ని అంచు పట్టుకుని ఒకరికొకరు అందించుకుంటున్నారు. శాంతవ్వ గబుక్కున లాక్కుని, రెండు చేతులా ఎత్తి, బల్లమీద ముందు ఒక తువ్వాల పరిచి దాని మీద పెట్టింది. దూరం నుంచి నాదియా అది చూసింది.

నాదియా ఒమానీ అమ్మాయి, ఆ హాలులో తెర వెనక పనులన్నీ చూసేది ఆమే. సీబ్‌లో బలూచీ ఇంట్లో పుట్టి, హిందీ సినిమాలు చూసి పెరిగింది. నల్లటి అబాయా మీద మెడలో వాకీటాకీ వేలాడేసుకుని, ఒక చెవితో స్పానిష్, ఇంకో చెవితో అరబ్బీ వింటూ, నోటితో హిందీ మాట్లాడగలదు. శాంతవ్వ హిందీలో సగం తెలుగే. అయినా ఇద్దరికీ ఇబ్బంది రాలేదు.

"ఖాలా, రాజుకు వేషం కట్టే పని నువ్వు చేస్తావా?" అని అడిగింది నాదియా. ఖాలా అంటే పిన్ని.

"కడ్త. నాకొక్కటి జెయ్యాలె నువ్వు."

"ఏంటది?"

"ఆట రోజు నన్ను ముంగట కూసోబెట్టు. సచ్చే రాజును ఒక్కసారి ముంగటికెల్లి సూడాలె."

నాదియా నవ్వింది. నవ్వి, శాంతవ్వ నవ్వకపోవడం చూసి మానేసింది. "బుధవారం చివరి రిహార్సల్. అప్పటిదాకా ఏ తప్పూ లేకుండా చెయ్యి. శుక్రవారం ఆటకు మూడో వరుసలో నీకు సీటు. మాట."

అప్పటినుంచి శాంతవ్వ ఆ సీటు కోసమే పనిచేసింది. రాజు వేషం వేసేవాడి పేరు ఎస్తెబాన్. ఆరడుగుల మనిషి, ముందుకు పొడుచుకొచ్చిన పొట్ట, నెరిసిన గడ్డం, కిరీటం కింద నున్నటి బోడిగుండు. గొంతు విప్పాడంటే గదిలో ఇనుప హ్యాంగర్లు గలగలలాడేవి. అంత గొంతున్నవాడు రిహార్సల్లో చనిపోయి ఆ గదికి వచ్చాక మాత్రం గోడ వైపు తిరిగి స్టూలు మీద కూర్చునేవాడు. తిండి ముట్టడు, ఎవరితో మాట్లాడడు.

శాంతవ్వ అది చూసి ఉండబట్టలేకపోయింది. "ఈయనకు ఏమైంది?" అని నాదియాను అడిగింది.

"అతనంతే ఖాలా. చావు వేషం వేసిన రోజు అలాగే ఉంటాడట. రెండు రోజులకు తేరుకుంటాడు."

"పిలువకపోతే ఉండడా మరి," అంది శాంతవ్వ. నాదియాకు అర్థం కాలేదు. అప్పుడే వాకీటాకీ మోగడంతో వెళ్ళిపోయింది.

మంగళవారం ఎర్ర అంగీ మీద ముడతలు తీస్తుంటే నాదియా చాయ్ తెచ్చుకుని పక్కన కూర్చుంది. శాంతవ్వ కథ చెప్పమంది.

"ఆ రాజుకు ఎవరి మీదా నమ్మకం లేదు ఖాలా. సొంత తమ్ముడి మీద కూడా. తమ్ముడు యుద్ధానికి పోయి తిరిగొచ్చేలోపల కోట తలుపు మూయించాడు. ఎవరొచ్చి ఏ పేరు చెప్పినా తియ్యొద్దు, తట్టినవాణ్ణి బాణం వేసి కొట్టండి అని హుకుం."

"తమ్ముడు?"

"తలుపు బయటే పోయాడు. తర్వాత తెలిసింది, అతని తప్పేమీ లేదని. రాజుకు మనసు నిలవలేదు. మామూలు అంగీ వేసుకుని, లోపల కిరీటం దాచుకుని, దొంగదారిన ఒక్కడే బయటికి పోయాడు తమ్ముడి శవం వెతకడానికి. తిరిగి వచ్చేసరికి ఆ దారి మూసేశారు. పెద్ద తలుపు తట్టాడు."

శాంతవ్వ చేతిలో ఇస్త్రీ ఆగింది. "పేరు జెప్పిండా?"

"మూడుసార్లు చెప్పాడు. కిరీటం తీసి నెత్తిన పెట్టుకుని చూపించాడు. చీకట్లో కిరీటం ఎవరికి కనిపిస్తుంది?"

"గొంతన్న ఎర్కవట్టాలె గదా లోపటోళ్ళు! రోజు ఇనే గొంతాయె!"

"హుకుం కదా ఖాలా. భయం."

"ఎంత పనిజేసిండు," అంది శాంతవ్వ, తన పక్కింటి మనిషి గురించి అన్నట్టు. "తర్వాత?"

"తర్వాత ఏముంది, బాణం తగిలి చనిపోయాడు. సైనికులు ఎత్తుకుపోతారు. ఖలాస్." వాకీటాకీ మళ్ళీ మోగింది. నాదియా చాయ్ అక్కడే వదిలేసి పరిగెత్తింది.

ఖలాస్ అంటే అయిపోయింది అని శాంతవ్వకే కాదు, మస్కట్‌లో పనిచేసే ఎవరికైనా తెలుసు. రాజు చచ్చాడు, ఆట అయిపోయింది. ఇక మిగిలింది తన పని.

అదేం పనంటే, వాళ్ళ మేళంలో ఒక కట్టుబాటు ఉంది. ఆటలో చచ్చిన వేషగాణ్ణి అలా వదిలేయకూడదు. ఇద్దరు మనుషులు తెర అడ్డం పట్టగానే అతన్ని వెనక్కి తెస్తారు. అతను నేల మీద కాలు పెట్టకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు. వేషం ఎవరు కట్టారో వాళ్ళే కిరీటం రెండు చేతులా తీసి, మొహం మీద నీళ్ళు చల్లి, వేషం పేరుతో కాదు, అమ్మానాన్నలు పెట్టిన పేరుతో మూడుసార్లు పిలవాలి. మూడోసారికి అతను "ఓ" అని పలకాలి. అప్పుడు నోట్లో బెల్లం ముక్క పెడతారు. దాంతో చావు వేషానికి పోతుంది, మనిషి ఇంటికి వస్తాడు.

పెళ్ళయిన ఆడది మొగుడి పేరు నోటితో చెప్పని ఊరు వాళ్ళది. ముప్పై ఏళ్ళలో శాంతవ్వ నోట దేవయ్య అనే పేరు పలికింది ఆ తెర వెనకే. ఆ పిలుపు కోసమే అన్నట్టు ఆయన కూడా తొందరగా పలికేవాడు కాదు. మూడోసారి కూడా కాస్త ఆగి, ఒక కన్ను తెరిచి చూసి, అప్పుడు "ఓ" అనేవాడు. రాజు చచ్చే వేళకు ఆమె తల వంచుకుని, రాయితో బెల్లం కొడుతూ, నీళ్ళ చెంబు వెతుక్కుంటూ ఉండేది. అందుకే ఆ చావు ఆమె ఎన్నడూ చూడలేదు.

బుధవారం పొద్దున పదింటికి చివరి రిహార్సల్ మొదలైంది. శాంతవ్వ కొంగున బెల్లం ముక్క కట్టుకుని, ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పట్టుకుని, వేషాల గది దాటి మొదటిసారి పక్క తెర చాటున నిలబడింది. అక్కడినుంచి ఆమెకు కనిపించింది మళ్ళీ రాజు వీపే. వీపు తలుపు తట్టింది, వీపు పేరు చెప్పింది, వీపు బాణం తగిలి కూలింది. శాంతవ్వ మనసు మూడో వరుస సీటు మీదికి పోయింది. ఇంకో రెండు రోజులు.

నలుగురు సైనికులు రాజును మోసుకొచ్చి తెర చాటున చెక్కబల్ల మీద పడుకోబెట్టారు. శాంతవ్వ ముందుకొచ్చింది. కిరీటం తీసి పక్కన పెట్టింది. గుప్పెడు నీళ్ళు మొహాన కొట్టింది. ఎస్తెబాన్ ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ఆమె వేలెత్తి, మూసుకో అన్నట్టు చూపింది. ఎందుకో ఆ మనిషి మూసుకున్నాడు.

"ఎస్తెబానూ," అంది ఆమె మెల్లగా. "ఎస్తెబానూ. ఎస్తెబానూ, 'ఓ' అను."

అతను ఒక కన్ను తెరిచాడు. శాంతవ్వ అతని మీదికి వంగింది. "ఓ" అని నోటితో ఆకారం చేసి చూపించింది.

"ఓ!" అన్నాడు ఎస్తెబాన్.

చెప్పానుగా, హ్యాంగర్లు గలగలలాడించే గొంతు అది. తెర అవతల ఊరి ఆడవాళ్ళ వేషంలో యాభై మంది కొవ్వొత్తులు పట్టుకుని, నోరు విప్పకుండా సన్నగా మూలుగుతున్నట్టు పాడుతున్న చోట, ఆ "ఓ" పిడుగులా పడింది. వాయిద్యాలను నడిపించే ఆయన చేతిలోని పుల్ల గాలిలో ఆగింది. శాంతవ్వ మాత్రం తృప్తిగా రాజు నోట్లో బెల్లం పెట్టి, ఈసారి పని పూర్తయిందని చేతులు దులుపుకుంది.

అంతలోనే సైనికులు పరిగెత్తుకొచ్చారు. పాపం, ఆట ఇంకా ఇరవై నిమిషాలుంది. తెల్లవారి కోట తలుపు తెరుస్తారు. జనం బయటికొచ్చి, చచ్చినవాడు ఎవరో అని చూసి, కిరీటాన్ని బట్టి తమ రాజని గుర్తుపట్టి ఏడుస్తారు. నాదియా చెప్పకుండా వదిలేసిన ముక్క అదే. శాంతవ్వ "ఏయ్, ఏయ్" అంటుండగానే సైనికులు బల్లను ఎత్తుకుని వెలుగులోకి పోయారు. కిరీటం శాంతవ్వ దగ్గరే ఉండిపోయింది.

తలుపు తెరుచుకుంది. "చూడండి, ఎవరీయన?" అని పాడుతూ జనం వంగి చూశారు. నున్నటి బోడిగుండు దీపాలకు మెరుస్తోంది. గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఒక బుగ్గ బెల్లంతో ఉబ్బి ఉంది. చచ్చిన రాజు దవడ చిన్నగా కదులుతోంది. ముందు వరుసలో ఒకామెకు నవ్వు ఆగలేదు. ఆమె నవ్వు పక్కామెకు అంటుకుంది. ఒక నిమిషంలో కోట ముందు యాభై మంది కొవ్వొత్తులు పట్టుకుని కడుపులు పట్టుకున్నారు.

నవ్వనిది ఒక్క డైరెక్టరమ్మే. పొట్టి జుట్టు, ముక్కు చివరన కళ్ళద్దాలు. ఆమె మెట్లెక్కి వచ్చి, కిరీటాన్ని గుండెలకు హత్తుకుని నిలబడ్డ శాంతవ్వను చూసి, స్పానిష్‌లో మూడు నిమిషాలు మాట్లాడింది. నాదియా దాన్ని ఒక్క మాటలో చెప్పింది. "ఇకనుంచి నువ్వు ఇస్త్రీ గది దాటి తెర వెనక కనబడొద్దంట, ఖాలా."

తిట్లకు శాంతవ్వ బాధపడలేదు. లాండ్రీ పనిలో తిట్లు రోజూ ఉండేవే. ఇస్త్రీ గదిలోకి పోయి, మూలన కూర్చుని, సీటు పోయిందని ఏడ్చింది. ముప్పై ఏళ్ళు చూడనిది ఇంకో రెండు రోజుల్లో చూస్తాననుకుంది. చేతులారా చెడగొట్టుకుంది.

గురువారం పొద్దుటి డ్యూటీకి వ్యానులో వస్తుంటే గంగాప్రసాద్ నవ్వాపుకోలేక స్టీరింగ్ మీద కొట్టుకున్నాడు. "సచ్చినోనికి బెల్లం తినవెట్టి మళ్ళ సావుకు తోలినవా అత్తా! ఘాలా లేబర్ క్యాంపుల మొత్తం ఇదే ముచ్చట!"

"నవ్వు, నవ్వు. నీకేంది, నువ్వు సూసినవు."

ఆ మాటకు గంగాప్రసాద్ నవ్వు దానంతటదే ఆగిపోయింది.

ఆమె ఇస్త్రీ మొదలుపెట్టిన గంటకు గది తలుపు నిండా ఒక మనిషి నిలబడ్డాడు. ఎస్తెబాన్. వెనకాల నాదియా. అతను లోపలికి వచ్చి, పెద్ద అరచేయి చాచాడు.

"బెల్లం అడుగుతున్నాడు," అంది నాదియా. "నిన్న మధ్యాహ్నం రెండు ప్లేట్ల బిర్యానీ తిన్నాడట. చావు వేషం వేసిన రోజు తినడం ఇదే మొదటిసారట. నువ్వు ఏం చేశావో చెప్పమంటున్నాడు."

శాంతవ్వ చెప్పింది. కిరీటం గురించి, నీళ్ళ గురించి, మూడు పిలుపుల గురించి. నాదియా ఆ మాటలను హిందీ నుంచి స్పానిష్‌లోకి తీసుకుపోయింది. ఎస్తెబాన్ బెల్లం చప్పరిస్తూ విన్నాడు. తర్వాత మెల్లగా ఏదో అన్నాడు.

"మా దగ్గర ఇలా పిలిచేవాళ్ళు లేరు అంటున్నాడు. చనిపోయాక తనంతట తనే లేచి హోటల్‌కి పోతాడట. సగం మనిషే పోతాడట. రేపు నువ్వు తెర వెనక ఉండాలంటున్నాడు."

"నన్ను రానియ్యరు గదా బిడ్డా."

"రానివ్వరు. అడిగాను, తిట్టింది." నాదియా గది బయటికి తొంగి చూసి, తలుపు వేసి, గొంతు తగ్గించింది. "కానీ ఖాలా, డైరెక్టరమ్మ ఏమంది? తెర వెనక కనబడొద్దంది. తెర ముందు గురించి ఏమన్నా అందా?"

శాంతవ్వ ఆమె మొహంలోకి చూసింది.

"ఎనుకకు రావద్దంటే," అంది మెల్లగా, "ఇగ ముంగటనే కూసోవాలె."

"మూడో వరుస, చివరి సీటు. నా మాట నాదే."

శాంతవ్వ నాదియా రెండు చెంపలూ నిమిరి మెటికలు విరిచింది. ఎస్తెబాన్‌కు సంగతి చెప్తే అతని మొహం మాత్రం చిన్నబోయింది. "అయితే నన్నెవరు పిలుస్తారు?" అన్నాడు.

"మనసుల పిలుస్తనని చెప్పు."

నాదియా చెప్పింది. అతను చెవి చూపించి ఏదో అన్నాడు. నాదియా పకపకా నవ్వింది. "ముప్పై ఏళ్ళు డోళ్ళ పక్కన నిలబడి పాడాడట. మనసులో అనేవి వినిపించవట."

శుక్రవారం సాయంత్రం నాలుగింటి ఆట. శాంతవ్వ ఆకుపచ్చ చీర కట్టుకుంది, జడలో ఒక మల్లెదండ ముక్క పెట్టుకుంది. అలవాటు కొద్దీ కొంగున బెల్లం కూడా కట్టుకుంది. మెత్తటి ఎర్ర సీట్లో కూర్చుంటే కాళ్ళు నేలకు అందలేదు. పక్క సీట్లో పట్టుచీర కట్టుకున్న ఒక తెలుగావిడ ఉంది. పేరు జయలక్ష్మి, రాజమండ్రి వాళ్ళు, భర్త ఇక్కడ ఇంజనీరు.

"మీకు స్పానిష్ రాదు కదండీ, ఇదిగో, ముందున్న ఈ చిన్న తెర మీద మాటలు ఇంగ్లీషులో వస్తాయి. చదువుకోవచ్చు," అంది ఆవిడ మర్యాదగా.

"నాకు సదువు రాదమ్మా. ఆయన మొఖం మీద వస్తది గదా, అది సదువుకుంట."

దీపాలు ఆరాయి. తెర లేచింది.

రాజు ఇటు తిరిగాడు.

ఎస్తెబాన్ మధ్యాహ్నం ఇస్త్రీ గదికి వచ్చి శాంతవ్వ చేత్తో దిద్దించుకున్న కనుబొమలే అవి. దగ్గరనుంచి చూస్తే ఉత్త కాటుక గీతలు. ఇక్కడినుంచి చూస్తే ఆ గీతల కింద అనుమానం పుట్టింది, పెరిగింది, తమ్ముణ్ణి మింగింది. ఆమె ఇస్త్రీ చేసిన అంగీ అతని వెనక నీడలా పాకింది. జయలక్ష్మి చిన్న తెర వైపు, వేదిక వైపు తల తిప్పి తిప్పి అలసిపోతోంది. శాంతవ్వ రెప్ప వేయలేదు. తమ్ముడు తలుపు బయట పోయినప్పుడు "అయ్యో, తియ్యుర్రిరా" అని పైకే అనేసింది. జయలక్ష్మి ఆమె మోచేయి నొక్కింది. ఆ తర్వాత కాసేపటికి జయలక్ష్మి కూడా చిన్న తెర చూడడం మానేసింది.

రాజు తలుపు తట్టాడు. పేరు చెప్పాడు. కిరీటం నెత్తిన పెట్టుకున్నాడు. బాణం తగిలింది. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అప్పుడు, ఇంతమంది జనం ఎదురుగా ఉండగా, అతను మెడ తిప్పి పక్క తెర వైపు చూశాడు.

శాంతవ్వ కూడా అటు చూసింది. రెండు రోజుల కిందట తను నీళ్ళ సీసాతో నిలబడ్డ చోటు అది. అక్కడ ఇప్పుడెవరూ లేరు. రాజు చూపు అక్కడ వెతికి, మెల్లగా తిరిగి, చీకట్లో వరుసలన్నీ దాటుకుని, మూడో వరుస చివరికి వచ్చి ఆగింది. అక్కడే ప్రాణం వదిలాడు.

'తల ఎత్తి సూడకపోతి,' అనుకుంది శాంతవ్వ. 'ముప్పై ఏండ్లు బెల్లం కొట్టుకుంట కూసుంటి. ఆయన నా దిక్కే సూసిండు.' కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. పెదాల మీద మాత్రం నవ్వు వచ్చింది. తుడుచుకుందామంటే కొంగు చివర బెల్లం ముడి.

తెల్లవారింది, తలుపు తెరిచారు, జనం ఏడ్చారు, తెర పడింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. తెర మళ్ళీ లేచింది. తమ్ముడు వచ్చి వంగి దండం పెట్టాడు. సైనికులు పెట్టారు. ఊరి ఆడవాళ్ళు పెట్టారు. రాజు మాత్రం బల్ల మీద అలాగే పడుకుని ఉన్నాడు.

చప్పట్లు ఇంకా పెరిగాయి. రాజు లేవలేదు. తమ్ముడు వంగి ఏదో చెప్పాడు. లేవలేదు. చప్పట్లు కొంచెం కొంచెంగా సన్నగిల్లాయి. వాయిద్యాలవాళ్ళు లేచి నిలబడి మెడలు చాచి చూస్తున్నారు. "అయ్యయ్యో, నిజంగా ఏమన్నా అయిందా ఏంటండీ?" అంది జయలక్ష్మి. హాలు నిశ్శబ్దమైపోయింది.

బల్ల మీద రాజు ఒక కన్ను తెరిచాడు. మూడో వరుస వైపు చూశాడు. మళ్ళీ మూసుకున్నాడు.

"నీ పాడుగాను," అంది శాంతవ్వ, నవ్వు తన్నుకొస్తుంటే. లేచి నిలబడింది.

"కూర్చోండి, కూర్చోండి, అందరూ చూస్తున్నారు!" జయలక్ష్మి చీర పట్టుకుని లాగింది.

శాంతవ్వ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, పొలం అవతలి గట్టున ఉన్న మనిషిని పిలిచినట్టు పిలిచింది.

"ఎస్తెబానూ!"

వెయ్యి తలలు ఆమె వైపు తిరిగాయి.

"ఓ ఎస్తెబానూ!"

మెట్ల పక్కన నిలబడ్డ డైరెక్టరమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది. ఆమె వెనక నాదియా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"ఎస్తెబానూ! లే!"

రాజు కాస్త ఆగాడు. అచ్చం దేవయ్య ఆగినట్టే ఆగాడు. తర్వాత పడుకున్నవాడు పడుకున్నట్టే, పైకప్పు దీపాలు వణికేలా పలికాడు.

"ఓ...!"

లేచి కూర్చున్నాడు. రెండు చేతులా కిరీటం తీసి, మూడో వరుస వైపు చాచాడు. హాలు దద్దరిల్లిపోయింది. ఇది కూడా ఆటలో ముక్కే అనుకున్నవాళ్ళు కొందరు, కాదని తెలిసినవాళ్ళు కొందరు, అందరూ కాళ్ళతో చేతులతో ఒకటే మోత. పై మేడలో ఎవరో "ఎస్తెబానూ" అని శాంతవ్వ లాగే పిలిచారు. ఇంకెవరో అందుకున్నారు. ఇందాకటిదాకా చీర లాగిన జయలక్ష్మి కూడా "ఎస్తెబానూ!" అని అరిచి, భర్త వైపు చూసి నాలుక కరుచుకుంది.

అంతా సద్దుమణిగాక శాంతవ్వ బెల్లం పట్టుకుని మెట్ల దగ్గరికి పోయింది. డైరెక్టరమ్మ అడ్డం నిలబడింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, నాదియాతో రెండు ముక్కలు అంది.

"రేపు రెండో ఆట ఉంది కదా," అంది నాదియా. "ఆ సీటు ఖాళీగా ఉంచమంటోంది. నీ కోసం."

"రేపు నాకు లాండ్రీల డ్యూటీ ఉన్నది," అంది శాంతవ్వ.

"తహ్సీన్‌తో నేను మాట్లాడతాను ఖాలా!"

"నువ్వు మాట్లాడు, మంచిదే. ముందుగాల్ల పక్కకు జరుగుమను. మనిషి నేల మీద కాలు వెట్టకుంట కూసున్నడు."

నిజంగానే ఎస్తెబాన్ బల్ల అంచున కాళ్ళు గాలిలో వేలాడేసుకుని, నోరు తెరుచుకుని కూర్చుని ఉన్నాడు. డైరెక్టరమ్మ జరిగింది. శాంతవ్వ మెట్లెక్కి బెల్లం ముక్క అతని నోట్లో పెట్టింది. అతను నమిలి, కాళ్ళు కింద పెట్టి, ఆమెను ఏదో అడిగాడు. ఒక చిన్న ప్రశ్న. నాదియా చెప్పబోయింది.

"నువ్వు జెప్పకు బిడ్డా. నాకెర్కే," అంది శాంతవ్వ. ముప్పై ఏళ్ళు విన్న ప్రశ్న అది.

ఆమె రాజు మొహంలోకి ముందునుంచి చూసింది.

"మంచిగున్నది," అంది. "నేను సూసిన."